చేపలకు తడిగుడ్డ

మా మావగారి దృష్టిలో ప్రాణులు రెండే రకాలు. చంపాల్సినవి, ఆయన చేపలు. మనుషులు ఈ రెండింట్లో దేంట్లోకి వస్తారో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. మేమూ అడగలేదు లెండి.

మాది పురుగుల మందు కొట్టే వ్యాపారం. బొద్దింకలు, నల్లులు, చెదలు, చీమలు... ఎవరింట్లో ఏది చేరినా ఫోను మాకే వస్తుంది. మావగారు మొదలుపెడితే మా ఆయనా, మరిదీ నడుపుతున్నారు. ఇంటి కింద వాటా అంతా సరుకు గది. మందు డబ్బాలు, వీపుకి తగిలించుకునే పంపులు, గొట్టాలు, చిరిగిన గ్లౌజులు అందులోనే. పైవాటాలో మేం. పొద్దున్నే మగవాళ్ళు ముగ్గురూ కింద పెద్ద బకెట్లో మందు కలుపుతారు. మావగారు కర్రతో తిప్పి, ముక్కు దగ్గరగా పెట్టి ఒక్కసారి గట్టిగా పీల్చి “ఊఁ, కుదిరింది” అంటారు, పొయ్యి మీద కూర చూసినట్టు. సీసా మీద ఎంత నీళ్ళకి ఎంత మందో అచ్చువేసి ఉంటుంది. ఆ అచ్చు మీద కన్నా ఆయనకి తన ముక్కు మీదే గురి.

ఆ వాసన మెట్లెక్కి మా వంటింట్లోకీ, అక్కణ్ణుంచి పడగ్గదుల్లోకీ వస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో నాకు తల తిరిగేది. తర్వాత్తర్వాత వాసనే తెలియకుండా పోయింది. “చూశావా, అలవాటైపోయింది. అలవాటైందంటే ఇక ఏమీ కాదన్నమాట” అంది మా అత్తయ్య. ఆవిడ వైద్యమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

ఇక మందు కొట్టే బట్టలు. మొదట్లో వాటిని వీధి చివర లాండ్రీకి వేసేవాళ్ళం. చేతులు దురద పెడుతున్నాయని ఆ లాండ్రీవాడు దణ్ణం పెట్టి మూట తిరిగిచ్చేశాడు. “వాడికి పొగరు” అని మావగారు తీర్మానించారు. అప్పట్నుంచీ ఆ బట్టలు ఇంట్లోనే ఉతుకుతున్నాం, కోడళ్ళకి పొగరు ఉండదు కాబట్టి. మా దుప్పట్లూ, మా పిల్ల స్కూలు గౌన్లూ అదే మిషన్లో.

ఆ ఇంట్లో జాగ్రత్త అనేది లేదని మాత్రం అనకండి, పాపం వస్తుంది. హాల్లో గోడవారగా మావగారి చేపల తొట్టి ఉంది. నారింజ రంగువీ, నల్లవీ, తోక కుచ్చిళ్ళలా ఊపుకుంటూ తిరిగేవీ ఉన్నాయందులో. కింద మందు కలిపే ముందు ఆయన పైకొస్తారు. గాలి మోటారు ఆపుతారు. తువ్వాలు నీళ్ళల్లో ముంచి, పిండి, తొట్టి మీద ఎక్కడా సందు లేకుండా కప్పుతారు. “నాన్నా, బంగారం, ఒక్క గంట ఓర్చుకోండి” అని చేపలకి చెప్పి మరీ దిగుతారు. మందు కొట్టడానికి ఏ ఇంటికెళ్ళినా గుమ్మంలోనే ఆయన మొదటి మాట ఇది: “చేపలుంటే తడిగుడ్డ కప్పండి, పంజరాలుంటే బయట పెట్టండి.” తొట్టి పక్కనే సోఫాలో కూచుని హోంవర్కు చేసుకుంటూ మా పిల్ల ఖళ్ళుఖళ్ళున దగ్గుతుంటే మాత్రం “పిల్లకి కాసిని వేన్నీళ్ళివ్వండి” అంటారు. అంతే.

మా పిల్లకి ఎనిమిదేళ్ళు. పుట్టినప్పుడు పిట్టంత ఉందని పిట్ట అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెడితే వేలెడు చెయ్యి బయటికి చాచేది. అప్పట్నుంచీ దానికి ఆయాసం. నాలుగు మెట్లెక్కితే గుండెల్లో పిల్లికూతలు. స్కూలు సంచీలో పెన్సిళ్ళతో పాటు మందు పీల్చే గొట్టం కూడా ఉంటుంది. దీనికంతటికీ కారణం మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. కారణం నేను. “కడుపుతో ఉండగా ఫ్రిజ్జు నీళ్ళు తాగింది. వద్దంటే విందా? ఏడుపు సీరియళ్ళు చూసింది. అయినా వాళ్ళ పుట్టింటివాళ్ళంతా ఎలక పిల్లల్లా ఉంటారు” అని అత్తయ్య ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నిజం చెప్పొద్దూ, వినగా వినగా నేనూ సగం నమ్మేశాను. పిట్టకి ఆయాసం ఎక్కువైనప్పుడల్లా, ఆ చల్లనీళ్ళెందుకు తాగానురా భగవంతుడా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

అలాంటి ఇంట్లో నా తోటికోడలు నీళ్ళోసుకుంది. మరిది భార్య. నోట్లో నాలుక లేని పిల్ల. నన్ను అక్కా అనే పిలుస్తుంది, నేనూ చెల్లెల్లాగే చూసుకుంటాను. అంతకుముందోసారి కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. అప్పుడు ఆ పిల్ల మంచం దిగకుండా గోడవైపు తిరిగి పడుకుంటే చూసినదాన్ని నేను. అందుకే ఈసారి కబురు తెలియగానే సంతోషం కన్నా ముందు నాకు భయం వేసింది.

అత్తయ్య వెంటనే రంగంలోకి దిగింది. కాలు మీద కాలు వేసుకోకూడదు. ఫోను పొట్ట దగ్గర పెట్టుకోకూడదు. గట్టిగా నవ్వకూడదు, అసలు ఏడవకూడదు. మంచం ఎదురుగా బొద్దుగా నవ్వే పాప బొమ్మ తెచ్చి అంటించింది, దాన్నే చూస్తూ ఉంటే అలాంటి బిడ్డే పుడుతుందని. “పెద్దది నా మాట పెడచెవిన పెట్టి ఏం తెచ్చుకుందో చూశావుగా” అని నా ఎదురుగానే చెప్పింది. చిన్నది గంగిరెద్దులా అన్నిటికీ తలూపింది. తలూపి, మొగుడి మందు బట్టలు బకెట్లో నానబెట్టడానికి వెళ్ళింది. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. వంగేటప్పుడు మాత్రం జాగ్రత్తగా వంగమన్నారు.

డాక్టరమ్మ దగ్గరికి నేనే తోడు వెళ్ళాను. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు రావడం మా అదృష్టం. ఆ డాక్టరమ్మ అందరిలా బరువూ, రక్తమూ చూసి పంపేసే రకం కాదు. పెన్ను పక్కన పెట్టి తాపీగా అడిగింది.

“మీ ఆయన ఏం చేస్తారమ్మా?”

“మందు కొడతారండీ” అంది చిన్నది.

డాక్టరమ్మ మొహంలో జాలి కనపడింది. నేను అడ్డుపడ్డాను. “తాగే మందు కాదండీ. పురుగుల మందు. ఇళ్ళల్లో కొడతారు.”

ఆవిడకి ఆ మొదటి మందే నయమనిపించినట్టుంది. కుర్చీ ముందుకి జరుపుకుంది. “మందు ఎక్కడ పెడతారు? ఎక్కడ కలుపుతారు? ఆ బట్టలు ఎవరు ఉతుకుతారు?” ఒక్కోదానికీ చిన్నది నా మొహం చూస్తుంది, నేను జవాబు చెబుతాను. చెబుతున్నకొద్దీ, నా నోటితో నేను చెబుతుంటే, అది ఇంత ఘోరంగా ఉందా అని నాకే అనిపించింది. రోజూ చూసేది ఎవరికి కనపడుతుంది?

“ఇలా చూడమ్మా” అంది డాక్టరమ్మ. “పురుగు నరాల మీద దెబ్బకొట్టే మందులు చాలా ఉన్నాయి. కడుపులో బిడ్డకి నరాలు, మెదడు, ఊపిరితిత్తులు ఇప్పుడే తయారవుతుంటాయి. నువ్వు పీల్చిందీ, నీ చర్మానికి అంటిందీ కొంత బిడ్డ దాకా వెళ్తుంది. బిడ్డ బరువు తగ్గచ్చు, నెలలు నిండకుండా పుట్టచ్చు, తర్వాత ఆయాసం రావచ్చు, చదువులో వెనకబడచ్చు. అందరికీ వస్తుందని కాదు. వచ్చే అవకాశం పెరుగుతుంది. కడుపు పండాక మాత్రమే కాదు, ముందు నుంచీ జాగ్రత్త పడాలి. మీ ఆయన కూడా. బిడ్డలో సగం ఆయన కూడా కదా.”

బిడ్డలో సగం ఆయన అనే సంగతి మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ గమనించలేదు. బిడ్డ బాగుంటేనే అది వాళ్ళ వంశం.

బయటికొస్తూ చిన్నదాన్ని ముందుకి పంపించి నేను వెనక్కి తిరిగాను. “మా పాప... తక్కువ బరువుతో పుట్టిందండీ. ఆయాసం. నేనూ ఆ ఇంట్లోనే ఆ బట్టలే ఉతికాను. దానివల్లేనా?”

ఆవిడ అబద్ధం చెప్పలేదు. “ఒక్క పాపని చూసి దీనివల్లే అని చెప్పలేను తల్లీ. దీనివల్ల కాదనీ చెప్పలేను.”

“మరి చల్లనీళ్ళ వల్ల?”

“చల్లనీళ్ళ వల్ల కాదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను.”

ఆటోలో చిన్నది నా భుజం మీద తల పెట్టుకుంటే నేను బయటికి చూస్తూ కూచున్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎనిమిదేళ్ళు! ఎనిమిదేళ్ళు ఒక గ్లాసు నీళ్ళని నా మెడకి కట్టి ఊరంతా తిప్పారు. కిందున్న డబ్బాలకి మాత్రం మచ్చ లేదు.

ఇంటికెళ్ళి అందరి ముందూ డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. డబ్బాలు ఇంట్లోంచి తీసెయ్యాలి. కలపడం బయటే. మగవాళ్ళు అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలి.

మావగారు పకపకా నవ్వారు. “నలభయ్యేళ్ళుగా ఈ మందులోనే బతుకుతున్నా. నాకేమైంది? నా కొడుకులు ఈ వాసనలోనే పుట్టి పెరిగారు. వాళ్ళకేమైంది?”

వాళ్ళకేమైందో చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. మా మరిది అప్పుడే బండి తాళం కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు, తాళం వాడి చేతిలోనే ఉంది.

“డాక్టర్లకి భయపెట్టడమే పని” అంది అత్తయ్య. “అసలు ఆవిడ చల్లనీళ్ళ గురించి అడిగిందా లేదా?”

“నేనే అడిగాను. తాగచ్చంది.”

“అయితే ఆవిడకేం తెలీదు” అని అత్తయ్య అక్కడితో కేసు కొట్టేసింది.

మా ఆయన వైపు చూశాను. గోడమీద పిల్లిలా కూచుని, “నువ్వు చెప్పేదీ నిజమే, నాన్న చెప్పేదీ నిజమే” అన్నారు. మరిది చేతిలోని తాళం కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. చిన్నది వంటింటి గుమ్మంలో కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. దాని మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంతమందిమి ఉండి, దాని కడుపులో పిల్లకి దిక్కు ఎవరు?

నా మాట గాలికి పోయిందనుకున్నాను గానీ, పూర్తిగా పోలేదు. మావగారి మనసులో ఎక్కడో తగిలింది. కోడలి కడుపు విషయంలో తను ఏమీ చెయ్యట్లేదని పెద్దకోడలు ఎత్తిపొడిచిందని అనుకున్నారు. దాంతో ఆయన తన ప్రేమంతా కూడదీసుకుని ఒక నిర్ణయం చేశారు. పుట్టబోయే మనవడి కోసం చిన్నకోడలి గది బాగుచేయించాలి. గోడలకి కొత్త రంగు. అది ఆరగానే గదంతా మూలమూలలా మందు. “బయటివాళ్ళకి కొట్టే నాసిరకం కాదు, పెద్ద హోటళ్ళకి కొట్టేది. ఆర్నెల్లు చీమ కూడా అడుగు పెట్టదు. నా మనవణ్ణి ఏ పురుగూ ముట్టుకోకూడదు!” అన్నారు. అలా అంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదీ మా ఖర్మ. దుర్మార్గుడైతే దులిపేసేదాన్ని. ఆ మనిషిది నిజంగానే ప్రేమ.

నేను పిట్టని స్కూలు నుంచి తీసుకొచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంది. గదిలో రంగు వాసన మాడు పగలగొడుతోంది. మరిది పంపు వీపుకి తగిలించుకుని నిలబడ్డాడు. చిన్నదాన్ని హాల్లో కుర్చీలో కూచోబెట్టారు, మంచి గాలి తగులుతుందని తలుపు పక్కనే. ఆ తలుపు ఆ గదిదే. రాత్రికి మళ్ళీ అందులోనే దాని పడక. మావగారు మోటారు ఆపి, తువ్వాలు ముంచి, పిండి, చేపల తొట్టి మీద కప్పుతున్నారు. “నాన్నా, బంగారం...”

నాకేం పూనిందో తెలియదు. గబగబా వెళ్ళి ఆ తువ్వాలు లాగేశాను.

“మరిదీ, ఇటు రా. ఆ పంపు దించు. ఈ తొట్టికి అటు చెయ్యి వెయ్యి.”

“ఎక్కడికి వదినా?”

“మీ గదిలోకి. మంచం పక్కన పెడదాం. గుడ్డ కప్పకుండా.”

మావగారు రెండు చేతులూ చాచి తొట్టికి అడ్డం నిలబడ్డారు. “అమ్మాయ్, నీకు మతి పోయిందా? అందులో మందు కొడుతున్నాం!”

“కొట్టండి మావయ్యగారూ. రేపు పొద్దున చూద్దాం. చేపలు ఈదుతూ కనిపిస్తే చెల్లి ఆ గదిలో పడుకుంటుంది. నేనే పక్క వేస్తాను.”

“చచ్చిపోతాయే!” అని అరిచారు ఆయన. “అవెంత ప్రాణం? ఇంతింత ప్రాణాలు! రవ్వంత గాలి తగిలినా తట్టుకోలేవు!”

అని, ఆగిపోయారు.

అందరి చూపూ మెల్లగా తొట్టి మీంచి చిన్నదాని పొట్ట మీదికి పోయింది. ఆ పొట్టలో ఉన్నదానికి అప్పటికి చేపపిల్లంత ప్రాణం కూడా లేదు. చిన్నది రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. కొంగు సరిచేసుకుంది. కాపురానికొచ్చాక మొట్టమొదటిసారి మావగారి కళ్ళల్లోకి చూసి మాట్లాడింది.

“నేను అక్క గదిలో పడుకుంటాను మావయ్యగారూ. ఆ డబ్బాలు వెళ్ళేదాకా మందు బట్టలు ముట్టుకోను. ఆయన స్నానం చేసి వస్తేనే తలుపు తీస్తాను.”

మరిది వీపు మీద పంపు దించేశాడు. చెప్పొద్దూ, వాడు ఇంత చురుగ్గా పని చేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

వారం తిరక్కుండా డబ్బాలు వెళ్ళిపోయాయి. ఊరి చివర ఒక షెడ్డు తీసుకున్నారు. మందు కలపడం, స్నానాలు, బట్టలు ఉతుక్కోవడం అన్నీ అక్కడే, ఉతికేది మగవాళ్ళే. తమ బట్టలకి ఇంత కంపు ఉందని మా ఆయనకి అప్పుడు తెలిసింది. కింద గది తలుపులు బార్లా తెరిచి నేను రోజూ తడిగుడ్డతో తుడిచేదాన్ని. ఇంట్లో బొద్దింకలు కనపడితే సందులు మూసి, జిగురు అట్టలు పెట్టుకున్నాం. ఊరందరి బొద్దింకల్నీ చంపే ఇంట్లో బొద్దింకలకి అభయం దొరికింది.

ఇక మావగారి గురించి చెప్పాలి. ఆయన ఓడిపోయే రకం కాదు. నెల తిరిగేసరికి ఈ ఆలోచన మొత్తం ఆయనదే అయిపోయింది. కరపత్రాలు అచ్చువేయించారు, ‘తల్లీబిడ్డల క్షేమమే మా ధ్యేయం’ అని. ఖాతాదారులకి కథలు చెప్పడం మొదలెట్టారు. “మా కోడలు నెల తప్పిందని తెలిసిన మరుక్షణం, ఎవరూ చెప్పకుండానే, నేనే అన్నీ తీయించేశానండీ. ముందుచూపు ఉండాలి.” గుమ్మంలో చెప్పే మాట కూడా మారింది. “చేపలుంటే తడిగుడ్డ కప్పండి, పంజరాలుంటే బయట పెట్టండి, కడుపుతో ఉన్నవాళ్ళుంటే పుట్టింటికి పంపండి.” ఆ వరసలోనే. సరే, మూడో స్థానమైనా దక్కింది కదా అని సరిపెట్టుకున్నాం.

నెలలు నిండాక చిన్నదానికి మగపిల్లాడు పుట్టాడు. బొద్దుగా, ఎర్రగా, ఆసుపత్రి అదిరిపోయేలా ఏడ్చాడు. వాణ్ణి చేతుల్లోకి తీసుకోగానే నేను ముందు వాడి గుండెకి చెవి ఆనించి విన్నాను. పిల్లికూతలు లేవు. ఊపిరి హాయిగా వస్తోంది, పోతోంది. నాకు అంతకన్నా ఏం కావాలి?

కావాల్సింది అత్తయ్య దగ్గర ఉంది. పిల్లాణ్ణి ఇంటికి తెచ్చాక, చూడ్డానికొచ్చినవాళ్ళ మధ్య మంచం మీద కూచుని ఆవిడ మొదలెట్టింది. “చూశారా మా వంశం పిల్లాడు ఎలా ఉన్నాడో! ఇది నా మాట విన్నది కాబట్టి. చుక్క చల్లనీళ్ళు ముట్టలేదు. ఆ బొమ్మ చూస్తూనే ఉంది. చెప్పిన మాట వింటే ఇలా పుడతారు. వినకపోతే...” అని నావైపు చూసి ఆపింది. మిగతాది అందరికీ తెలిసిందే.

పిల్లాడు బాగున్నాడు, చాలు అనుకున్నాను.

మావగారు ఇంకో అడుగు ముందుకేశారు. “ఏమీ కాలేదుగా! అనవసరంగా కంగారుపడ్డాం” అన్నారు మా ఆయనతో. “ఆ షెడ్డు మరీ దూరం, రాకపోకలకే సరిపోతోంది. పురుడు కూడా అయిపోయింది. డబ్బాలు మళ్ళీ ఇంటి కిందకే తెచ్చేద్దాం.”

“అవును నాన్నా” అన్నారు మా ఆయన, అలవాటు కొద్దీ.

నా ఒళ్ళు మండిపోయింది. కాపాడుకున్నాం కాబట్టి ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి కాపాడుకోనక్కర్లేదట! నోరు తెరవబోయాను. ఆ లోపలే, ఉయ్యాల పక్కన నిలబడి పిల్లాడి వేళ్ళు సాగదీసి చూస్తున్న పిట్ట తలెత్తింది.

“తాతయ్యా, నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు డబ్బాలు ఎక్కడుండేవి?”

అది ఎవర్నీ ఏమీ అనాలని అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. అత్తయ్య పక్కదుప్పటి మీద లేని ముడతలు సరిచేయడం మొదలుపెట్టింది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. మావగారు నావైపు చూశారు, ఏదో ఒకటి చెప్పి పిల్లని బయటికి తీసుకెళ్ళు అన్నట్టు.

“కిందే ఉండేవమ్మా” అన్నాను. “సరిగ్గా మన గది కింద.”

పిట్ట ఉయ్యాల్లో పిల్లాడి గుండె మీద చెయ్యి పెట్టింది.

“తమ్ముడు పుడతాడని తీసేశారు కదా? అందుకే వాడికి ఆయాసం లేదా?”

“లేకూడదనే తీయించాం తల్లీ” అన్నాను.

“అయితే మళ్ళీ తేవద్దు తాతయ్యా” అంది పిట్ట. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. “నాకు కూడా తీసేసి ఉండాల్సింది.”

నలభయ్యేళ్ళుగా వేల గుమ్మాల్లో అనర్గళంగా మాట్లాడిన మావగారు వంగి, పిట్టని ఎత్తుకుని గుండెకి హత్తుకున్నారు, అప్పుడు దాని ఊపిరి ఈల వేయడం ఆయనకి దగ్గరగా వినపడినట్టుంది. దాన్ని అలా పట్టుకునే కుర్చీలో కూలబడి, చూడ్డానికొచ్చినవాళ్ళందరి ముందూ ఏడ్చారు. నేను ఓదార్చలేదు.